గుమ్మం ముందరి ఓటు

2004వ సంవత్సరంలో కర్ణాటక శాసనసభకు ఎన్నికలు జరిగాయి. సంతేమరహళ్ళి నియోజకవర్గంలో గెలిచిన అభ్యర్థికి 40,752 ఓట్లు, ఓడిన అభ్యర్థికి 40,751 ఓట్లు వచ్చాయి. తేడా ఒకే ఒక్క ఓటు! 2008 డిసెంబరులో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో ఇదే వింత మళ్ళీ జరిగింది. అక్కడ ఒక్క ఓటుతో ఓడిన వ్యక్తి రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు సి.పి. జోషి. ముఖ్యమంత్రి పదవికి వినవస్తున్న పేర్లలో ఆయనదీ ఒకటి.

తెలుగునాట కూడ ఇటువంటి ఉదాహరణ లేకపోలేదు. 1989 లోక్‌సభ ఎన్నికలలో అనకాపల్లి స్థానాన్ని కొణతాల రామకృష్ణ 9 ఓట్ల ఆధిక్యంతో గెలుచుకున్నారు. లక్షలాది ఓటర్లున్న చోట తొమ్మిది ఓట్లంటే ఒక ఉమ్మడి కుటుంబం ఓట్లు!

ఇవి అరుదైన సంఘటనలే. అయితే ఎన్నికల పరిధి చిన్నదవుతున్నకొద్దీ ఒక్కొక్క ఓటు బరువు పెరుగుతుంది. గ్రామపంచాయతీ వార్డులో చాలచోట్ల ఓటర్లు కొన్ని వందలకు మించరు. నగరాలలో సైతం పోటీ అంత దగ్గరగా రావచ్చు. 2017లో ముంబయి నగరపాలక సంస్థ ఎన్నికలలో ఒక వార్డులో ఇద్దరు అభ్యర్థులకు సమానంగా ఓట్లు రాగా, చివరకు చీటీ తీసి విజేతను నిర్ణయించారు. ఆ పూట ఇంటివద్ద ఉండిపోయిన వారిలో ఒక్కరు కదిలినా చీటీతో పని ఉండేది కాదు.

విచిత్రమేమంటే, ఓటుకు బరువు ఎక్కువగా ఉన్నచోటనే చదువుకున్న పట్టణవాసి దానిని తేలికగా చూస్తున్నాడు. 2020లో హైదరాబాదు మహానగరపాలక సంస్థ ఎన్నికలలో సగంమంది ఓటర్లయినా పోలింగు కేంద్రాలకు రాలేదు. మరుసటి సంవత్సరం ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలలో పోలింగు 80 శాతం దాటింది. పల్లెలో సర్పంచి ఎవరో అందరికీ తెలుసు. కుళాయి రాకపోతే ఎవరి అరుగు ఎక్కాలో తెలుసు. పట్టణంలో తన కార్పొరేటరు పేరు తెలియనివారు దేశ రాజకీయాలను గంటల తరబడి చర్చిస్తారు. కాని వీధిదీపం, మురుగుకాలువ, చెత్తబండి ఢిల్లీ నుంచి రావు. పోలీసు, ప్రజారోగ్యం, వ్యవసాయం సైతం రాజ్యాంగం రాష్ట్రాలకు అప్పగించిన విషయాలే.

“అధికారాలు, నిధులు లేని పంచాయతీకి ఓటు వేసి ఏమి ప్రయోజనం?” అని కొందరు ప్రశ్నిస్తారు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. 1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు పంచాయతీలకు 29, పురపాలక సంఘాలకు 18 విషయాలను పేర్కొన్నాయి. అయితే వాటిలో ఏ మేరకు అధికారం ఇవ్వాలన్నది రాష్ట్ర శాసనసభల ఇష్టానికే విడిచిపెట్టాయి. 1996లో కేరళ ప్రభుత్వం ప్రణాళికా నిధులలో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు అప్పగించదలచింది. ఇందుకు భిన్నంగా, ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు తీరిన పంచాయతీలకు తిరిగి ఎన్నికలు జరిగినది 2021 ఫిబ్రవరిలో. అంతవరకు గ్రామాలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నాయి.

దీనిని బట్టి రాష్ట్రానికి వేసే ఓటు, ఊరికి వేసే ఓటు వేరు వేరు కావని తేలుతున్నది. మన పంచాయతీ చేతిలో ఎంత డబ్బు ఉండాలో శాసనసభ నిర్ణయిస్తుంది. ఆ డబ్బు ఏ వీధిలో ఖర్చు కావాలో పంచాయతీ నిర్ణయిస్తుంది. శాసనసభ్యుని ఓటు అడగడానికి వచ్చిన రోజున, “మా ఊరి సంస్థలకు ఏమి అప్పగిస్తారు?” అని ప్రశ్నించే ఓటరు రెండు ఓట్లకూ విలువ తెచ్చినవాడవుతాడు.

అందుకు ముందు చేయవలసిన చిన్న పని ఒకటి ఉన్నది. గుర్తింపు కార్డు ఉన్నంతమాత్రాన చాలదు, జాబితాలో పేరుండాలి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ స్థానిక ఎన్నికల జాబితాకు శాసనసభ ఓటర్ల జాబితాయే ఆధారం. అక్కడ పేరు లేకపోతే ఇక్కడా ఉండదు. ఇల్లు మారినవారు, ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లలున్నవారు ఎన్నికల ప్రకటన వెలువడేదాకా ఆగకుండా జాబితా చూసుకోవాలి. ఆ పనికి పట్టేది ఒక పూట; దాని ఫలితం అయిదేళ్ళు ఉంటుంది.