పిడుగు కాదు, గొడ్డలి!

తొలకరి పడింది. గొల్లపల్లి వైపు చెలకల్లో నాగలి కర్రుకు రాయి తగలడం వింత కాదు. రైతు దాన్ని గట్టుమీద పారవేసి సాగిపోతాడు. కాని ఎప్పుడైనా నల్లగా, నున్నగా, ఒక అంచు పదునుదేరి, అరచేతిలో ఇమిడే రాయి దొరికిందా, పారవేయ బుద్ధి పుట్టదు. "పిడుగురాయి!" అంటారు పెద్దలు. వేపచెట్టు కింద చేర్చి పసుపు కుంకాలు పెట్టేవారూ ఉన్నారు. నవ్వకండి, ఐరోపా రైతులూ ఒకప్పుడు అలాగే నమ్మారు.

నిజానికది గొడ్డలి. నాలుగైదు వేల ఏండ్ల నాటి మనిషి నల్లరాతికి పెచ్చులు లేపి, పొడిచి, బండమీద ఓపికగా నూరి, కర్ర కామ తొడిగాడు. పాత కరీంనగరం జిల్లాలోనే తొగర్రాయి, కదంబాపురంలలో ఆ కాలపు ఆనవాళ్లు బయటపడ్డాయి.

ఇంతకంటె ఎంతో పాతదైన రాతి పనిముట్టును 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించాడు. తర్వాత ఊరూరా తిరిగి ఆయన పోగుచేసినవి 1904లో మద్రాసు మ్యూజియానికి చేరాయి. ఏ రాయి ఎక్కడ దొరికిందో వ్రాసిపెట్టాడు గనుకనే వాటికి విలువ. తావు తెలియని గొడ్డలి ఉత్త నున్నటి రాయే.

కనుక, మీ పొలంలో అటువంటిది కనిపిస్తే చెట్టుకిందికి చేర్చేముందు ఏ చెలక, ఏ గట్టుపక్క, ఎంత లోతు అన్నది ఒక కాగితంమీద వ్రాయించండి. బడిపిల్లవాడు చాలు.