మీకు తెలుసా? ఒళ్లో పలికే గిటారు

● హవాయి స్టీల్ గిటారును ఒళ్లో పడుకోబెట్టి వాయిస్తారు. తీగలను వేళ్లతో నొక్కరు. నున్నటి ఉక్కు కడ్డీని వాటి మీద జారుస్తారు. మన సంగీతంలోని ‘జారు’ గమకం అందులో అంత సహజంగా పలకడానికి కారణం ఇదే.

● ఈ పద్ధతికి ఆద్యుడిగా పేరున్నవాడు హవాయి వాసి జోసెఫ్ కెకుకు.

● 1932లో మార్కెట్లోకి వచ్చిన తొలితరం ఎలక్ట్రిక్ గిటారు ‘ఫ్రయింగ్ పాన్’ కూడా స్టీల్ గిటారే. గుండ్రటి ఒళ్లు, పొడవాటి మెడతో అచ్చం పెనంలా ఉంటుంది.

● 1940లలో కలకత్తాలో ఉన్న స్టీల్ గిటారు కళాకారుడు టౌ మో ఈ వాద్యాన్ని మనవాళ్లకు నేర్పాడు. ఈ గిటారునే మార్చి చేసిన మోహనవీణపై విశ్వమోహన్ భట్ వాయించిన ఆల్బమ్‌కు 1994లో గ్రామీ దక్కింది.

● దుబాయ్ సత్వాలో ఉంటూ, యాంప్లిఫయర్‌తో సహా పాత అమెరికన్ గిటారు కొంటున్నారా? అమెరికాలో కరెంటు 120 వోల్టులు, దుబాయ్‌లో 220 పైనే. ప్లగ్గు ఒక్కటి మారిస్తే యాంప్లిఫయర్ కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

● ప్లగ్గు తీసేశాక కూడా వాల్వ్ యాంప్లిఫయర్ కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు మిగిలి ఉండొచ్చు. పెట్టె మీరు విప్పకండి, తెలిసిన మెకానిక్‌కే అప్పగించండి.