మూడో మనిషి ఓట్లు ఎటు పోతాయి?

కడంబత్తూరు స్టేషన్‌లో పొద్దున ఏడింటికి నిలబడి, లోకల్ బండి కోసం చూసేవాళ్లలో వెయ్యిమందిని "ఎవరికి ఓటేస్తారు?" అని అడిగామనుకోండి. వెయ్యి పెద్ద అంకెలాగే కనిపిస్తుంది. కానీ ఆ వేళకు నాట్లకు పోయిన ఆడవాళ్లు అందులో ఉండరు. ఇంటి దగ్గర మనవణ్ణి చూసుకునే తాతయ్య ఉండడు. మద్రాసుకో అరక్కోణానికో పనికి పోయేవాళ్ల మనసు తెలుస్తుందే తప్ప, ఊరి మనసు తెలియదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మన ఇళ్లలో. తమిళంలోనూ ఈ సామెత ఉంది. నిజమే, అయితే కుండలో అన్నం అంతా ఒక్క తీరుగా ఉడికి ఉండాలి. అడుగు మాడి, పైన పలుకుగా ఉంటే ఏ మెతుకు చేతికొచ్చిందన్నదే ముఖ్యం. 1936లో అమెరికాలో 'లిటరరీ డైజెస్ట్' పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు పోగుచేసి, రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని చెప్పింది. అంతకన్నా ఎంతో తక్కువమందిని, జాగ్రత్తగా ఎంచి అడిగిన జార్జ్ గాలప్ ఆయనే గెలుస్తాడన్నాడు. గెలిచాడు.

సరిగ్గా ఎంచిన వెయ్యిమంది చెప్పే మాట మూడు శాతం అటూ ఇటూగా నిలుస్తుంది. ఇద్దరే పోటీలో ఉంటే దాంతో చాలావరకు పని జరుగుతుంది. మూడో అభ్యర్థి దిగాడా, చిక్కంతా అక్కడే. వెయ్యిలో 60 మంది అతని పేరు చెప్పారనుకుందాం. "అతను గెలవడనిపిస్తే మీ ఓటు ఎవరికి?" అని ఆ 60 మందినే అడగాలి. అంత చిన్న గుంపులో తేడా దాదాపు 13 శాతం దాకా ఉంటుంది. చెరిసగం అని లెక్క వస్తే, అసలు సంగతి 63-37 కూడా కావచ్చు. ఫలితం తేల్చే ఓట్లే సర్వేకు అందరికన్నా తక్కువగా అందుతాయి.

ఈ లెక్క కాగితం మీద బయటపడిన ఎన్నిక మన దేశంలోనే జరిగింది. పక్కనున్న తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962లో రాష్ట్రపతి అయినప్పుడు 5,62,945 ఓట్ల విలువలో 5,53,067 ఆయనకే పడ్డాయి. మూడో మనిషి ఊసే అక్కర్లేకపోయింది. 1969 ఆగస్టులో అలా కాదు. స్వతంత్రుడిగా వి.వి. గిరి, కాంగ్రెస్ అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి, ఇద్దరూ తెలుగువాళ్లే, ఎదురెదురుగా నిలబడ్డారు. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ మద్దతుతో సి.డి. దేశ్‌ముఖ్ మూడో మనిషి. ఓటేసే ఎంపీ, ఎమ్మెల్యే పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేస్తారు. ఎవరికీ సగం దాటకపోతే అడుగున ఉన్నవాణ్ణి తప్పించి, అతని కాగితాలను తర్వాతి అంకె ఉన్న పేరుకు చేరుస్తారు.

గెలవడానికి 4,18,169 కావాలి. మొదటి లెక్కలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. మిగిలినవాళ్లందరినీ తప్పించాక గిరికి కలిసినవి 18,562, రెడ్డికి 91,879. అంటే చేతులు మారిన ప్రతి ఆరింటిలో అయిదు రెడ్డికే పోయాయి. అయినా గిరి 4,20,077 దగ్గర గీత దాటారు. దాటింది 1,908 తోనే. అప్పట్లో ఒక్క ఎంపీ ఓటు విలువ 576. నలుగురు ఎంపీల ఓట్లంత కూడా లేదు ఆ తేడా. ఎవరు మొదటివాడన్నది చెప్పడం సులువు. ఈ 1,908ని ముందుగా పట్టగల సర్వే ఉంటుందని నేననుకోను.

అమెరికాలో కాగితం మీద రెండో పేరు రాసే వీలు చాలా రాష్ట్రాల్లో లేదు. 1992 జూన్‌లో గాలప్ సర్వే అధ్యక్ష పోటీలో మూడో అభ్యర్థి రాస్ పెరోకు 39 శాతం చూపించింది, అందరికన్నా ముందు. నవంబరులో వచ్చింది 18.9; ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ రాలేదు. 2000లో ఫ్లోరిడాలో బుష్ 537 ఓట్లతో నెగ్గితే, అక్కడ మూడో అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు పడినవి 97,488. ఆ ఓట్లు వేసినవాళ్ల రెండో ఇష్టం ఎవరో ఏ కాగితం మీదా లేదు.

అందుకే సర్వేలు చేసేవాళ్లకూ, వేసే పత్రికలకూ ఒక మనవి. మూడో అభ్యర్థి శాతం ప్రకటించినప్పుడు, అది ఎంతమంది మాట మీద నిలబడిందో ఆ పక్కనే అచ్చువేయండి.