ఒమన్ పాత జాగ్వార్లు.. మన వాయుసేనకు విడిభాగాలు

రూవిలో ఉంటున్న మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇప్పుడు బ్యాంకులు, ఆఫీసులు బారులు తీరిన ఈ లోయలోనే ఒకప్పుడు విమానాలు దిగేవి. 1973లో సీబ్ విమానాశ్రయం వచ్చేదాకా మస్కట్‌కు దిక్కు బైత్ అల్ ఫలజ్ రన్‌వేనే. 1959 మార్చి 1న ఒమన్ వైమానిక దళం పుట్టిందీ అక్కడే. అప్పుడు వాళ్ల చేతిలో ఉన్నవి ముందు రెక్కల పంఖా తిరిగే ప్రొవోస్ట్, పయనీర్ విమానాలు మాత్రమే. ఆ కోటలో 1988 నుంచి సైనిక మ్యూజియం నడుస్తోంది. సెలవు రోజు రూవి హైస్ట్రీట్‌లో తిరిగి తిరిగి విసుగొస్తే ఓసారి వెళ్లి రావొచ్చు, దూరమేమీ కాదు.

అలా మొదలైన దళం 1977లో జాగ్వార్లను తెచ్చుకుంది. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చేసిన విమానం అది. రెండు విడతల్లో 24 కొన్నారు. 1990ల చివర్లో వాటిలో కొత్త పరికరాలు పెట్టించి, 2014 దాకా నడిపి, పక్కన పెట్టేశారు. ఇదిగో, ఆ మూలనపడ్డ జాగ్వార్లే ఇప్పుడు మన దేశానికి కావాల్సి వచ్చాయి. ఇరవైకి పైగా విమానాలను ఒమన్ ఇండియాకు ఇవ్వబోతోందని 2025 చివర్లో వార్తలొచ్చాయి. ఎగరేయడానికి కాదు, విప్పి విడిభాగాలు తీసుకోవడానికి.

వాడి కబీర్ గ్యారేజీల్లో పనిచేసే మనోళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. కంపెనీ తయారీ ఆపేసిన మోడల్ బండికి పార్టు కావాలంటే స్క్రాప్ యార్డే గతి. జాగ్వార్ పరిస్థితీ అదే. ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో దాన్ని వదిలేశాయి. ఈరోజు ప్రపంచంలో జాగ్వార్లను యుద్ధానికి సిద్ధంగా ఉంచుకున్న దేశం ఇండియా ఒక్కటే.

మనకు ఇవి 1979లో వచ్చాయి. పేరు ‘శంషేర్’ అని పెట్టుకున్నాం. తర్వాత బెంగళూరు హెచ్‌ఏఎల్‌లోనే లైసెన్సు మీద తయారు చేశాం. రాడార్ కంటికి చిక్కకుండా నేలను ఆనుకుని దూసుకెళ్లి బాంబులు వేసి రావడం దీని పని. ఆకాశంలో ఇంకో ఫైటర్‌తో కలబడటానికి చేసింది కాదు. అందుకే వేగం పట్టిక చూసి ‘ఇది మ్యాక్ 1.6, అది మ్యాక్ 2, కాబట్టి అదే గొప్ప’ అని తేల్చేయడం సరికాదు. లారీనీ కారునూ పోటీ పెట్టినట్టుంటుంది.

మెదడు కొత్తది, గుండె పాతది

పాత విమానాన్ని మన ఇంజినీర్లు ఊరికే వదల్లేదు. ‘డారిన్’ పేరుతో మూడు దఫాలుగా మార్పులు చేశారు. మూడో దఫాలో కొత్త మిషన్ కంప్యూటర్, ఆటోపైలట్, తెరలమీద సమాచారం కనిపించే కాక్‌పిట్ వచ్చాయి. 2018 ఆగస్టులో ఇజ్రాయెల్ ఎల్టా సంస్థ ఏసా రాడార్‌తో జాగ్వార్ తొలిసారి ఎగిరింది. పాత రాడార్ డిష్ తిప్పుకుంటూ వెతుకుతుంది. ఏసా రాడార్ కదలకుండానే వందలాది చిన్న చిన్న ట్రాన్స్‌మీటర్లతో ఒకేసారి ఎన్నో దిక్కులు చూస్తుంది.

చిక్కంతా ఇంజినుతోనే. పరికరాలు పెరిగేకొద్దీ బరువు పెరిగింది, తోసే బలం మాత్రం పెరగలేదు. ఒమన్ ఎండ తెలిసినవాళ్లకు ఇంకో సంగతీ తేలిగ్గా అర్థమవుతుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది, ఇంజిను బలం తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం నిండా బాంబులతో లేవాలంటే రన్‌వే చాలదు, లేదంటే బరువు దించుకోవాలి. అమెరికా హనీవెల్ ఇంజిన్లు బిగించాలని మనవాళ్లు ఏళ్ల తరబడి మాట్లాడారు. ధర కొండెక్కి కూర్చోవడంతో 2019లో ఆ ఆలోచన మానుకున్నారు.

2025లో మూడు జాగ్వార్లు కూలాయి. మార్చి 7న హర్యానాలో పైలట్ బయటపడ్డాడు. ఏప్రిల్ 2 రాత్రి జామ్‌నగర్ దగ్గర ఒక పైలట్ చనిపోయాడు. జులై 9న రాజస్థాన్‌లోని చురులో ఇద్దరూ చనిపోయారు. ప్రతి ప్రమాదానికీ వయసే కారణమని మేం అనడం లేదు. కానీ పాత బండిని రిపేర్ చేసి నడపడం పొదుపే అని చెప్పేటప్పుడు, అందులో కూర్చునేది ఎవరి కొడుకో కూడా లెక్కలో వేసుకోవాలి.

ఒమన్‌కు ఈ తలనొప్పి లేదు. చిన్న దళం, చేతిలో నూనె డబ్బు. 2002లో 12 ఎఫ్-16లు ఆర్డరిచ్చి, 2011లో ఇంకో డజను చెప్పింది. 2012 డిసెంబరులో 12 యూరోఫైటర్ టైఫూన్లు, 8 హాక్ శిక్షణ విమానాలకు కలిపి 250 కోట్ల పౌండ్ల ఒప్పందం చేసుకుంది. మొదటి టైఫూన్ 2017లో చేతికందింది. వందకు పైగా జాగ్వార్లున్న మన దేశం ఒక్కసారిగా అలా మార్చేయాలంటే ఖజానా ఒప్పుకోదు.

మసీరాలో ముఖాముఖి

ఈ రెండు దళాలూ 2009 నుంచి ‘ఈస్టర్న్ బ్రిడ్జ్’ పేరుతో కలిసి విన్యాసాలు చేస్తున్నాయి. 2019 అక్టోబరులో మసీరా దీవికి మన మిగ్-29లు వచ్చాయి. అవి విదేశీ గడ్డ మీద విన్యాసాల్లో పాల్గొనడం అదే మొదటిసారి. ఎదురుగా టైఫూన్లు, ఎఫ్-16లు. 2024 సెప్టెంబరులో మిగ్‌లతో పాటు మన జాగ్వార్లు కూడా మసీరాకు వచ్చాయి.

మిగ్-29 మనకు 1980లలో వచ్చింది, టైఫూన్ 21వ శతాబ్దంలో దళాల్లో చేరింది. అయినా పక్కపక్కన ఎగరగలిగాయంటే 2008లో రష్యాతో కుదిరిన ఆధునికీకరణే కారణం. కొత్త రాడార్, అదనపు ఇంధన ట్యాంకు, గాలిలోనే ఇంధనం నింపుకునే గొట్టం, దూరం నుంచే కొట్టే క్షిపణులు.. అన్నీ దాంట్లో చేరాయి. విన్యాసాల్లో ఎవరు ఎవరిని ‘కూల్చారో’ బయటకు చెప్పరు. కాబట్టి వాట్సాప్‌లో తిరిగే మార్కుల పట్టికలు నమ్మకండి. వాటిని పట్టుకుని గదిలో పాకిస్తానీ మిత్రులతో గొడవపడటం అంతకన్నా అనవసరం. ఇంకో మాట, ఇక్కడి సైనిక స్థావరాల దగ్గర ఫోన్ తీసి ఫొటోలు కొట్టొద్దు. ఉద్యోగం మీదకొస్తుంది.

విమానం పాతదైనా దాని రెక్క కింద వేలాడే ఆయుధం కొత్తదైతే ఆట మారిపోతుంది. ఆ పని మన హైదరాబాద్‌లో జరుగుతోంది. కంటికి కనబడనంత దూరం నుంచే కొట్టే ‘అస్త్ర’ క్షిపణిని డీఆర్‌డీఎల్ రూపొందిస్తే, బీడీఎల్ తయారు చేస్తోంది. 2022 మేలో రూ.2,971 కోట్ల ఆర్డరు వచ్చింది.

ఇక మన వాయుసేనకు ఉండాల్సినవి 42 స్క్వాడ్రన్లు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పాక మిగిలినవి 29. అందులో ఆరు జాగ్వార్లవే. వాటి చోటు నింపాల్సిన తేజస్ మార్క్-1ఏ విమానాలు 83కి 2021లోనే ఆర్డరిచ్చారు, మిగ్‌ల వీడ్కోలుకు ముందురోజు ఇంకో 97కి సంతకాలు పెట్టారు. అయితే మొదటి ఆర్డరుకు రావాల్సిన అమెరికా ఇంజిన్లలో మొదటిది అందిందే 2025 మార్చిలో. ఆ లోటు పూడేదాకా జాగ్వార్ ఎగరాల్సిందే. అందుకే ఒమన్ మూలన పెట్టిన వాటి మీద మనవాళ్ల చూపు పడింది.