మెండెల్ లెక్కలు మరీ అంత కరెక్టా?

మెండెల్ పేరు టెన్త్ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. బఠాణీ మొక్కలు, 3:1 నిష్పత్తి, పరీక్షలో కచ్చితంగా వచ్చే ప్రశ్న. నేను ఎంపీసీ కాబట్టి టెన్త్‌తోనే బయాలజీకి ఓ దండం పెట్టేశాను. ఇంజనీరింగ్‌లో కై-స్క్వేర్ టెస్ట్ చదువుతుంటే ఆయన మళ్లీ ఎదురయ్యాడు, ఈసారి కొంచెం అనుమానాస్పదంగా!

1865లో బ్రూన్ పట్టణంలో (ఇప్పటి బ్ర్నో, చెక్ రిపబ్లిక్) మెండెల్ తన పరిశోధన చదివి వినిపించాడు. మరుసటి ఏడాది అది అచ్చయింది. గుండ్రటి గింజలు 5474, ముడతలు పడ్డవి 1850. అంటే 2.96:1. పసుపువి 6022, ఆకుపచ్చవి 2001. అంటే 3.01:1. ఎంత బాగా కుదిరాయో చూడండి.

1911లో కేంబ్రిడ్జ్‌లో డిగ్రీ చదువుతున్న రొనాల్డ్ ఫిషర్ అనే 21 ఏళ్ల కుర్రాడు ఇదే చూసి ఆగాడు. యూనివర్సిటీలోని యూజెనిక్స్ సొసైటీలో మాట్లాడుతూ, మెండెల్ ఫలితాలు లెక్కకి మరీ దగ్గరగా ఉన్నాయన్నాడు. అదృష్టం కావచ్చు, లేదా అనుమానంగా ఉన్న మొక్కల్ని తెలియకుండానే తనకి కావాల్సిన వైపు వేసుకుని ఉండొచ్చు అన్నాడు. (మనుషుల్లోనూ 'మేలు జాతి'ని పెంచాలనే ఆ సొసైటీ ఆలోచన ఎంత ప్రమాదకరమో ప్రపంచానికి తర్వాత తెలిసొచ్చింది. ఫిషర్‌కి మాత్రం ఆ పిచ్చి పోలేదు.)

ఆ అనుమానాన్ని ఆయన వదల్లేదు. 25 ఏళ్ల తర్వాత, 1936లో, దానిమీద పూర్తి పేపర్ రాశాడు. అందులో నాకు బాగా నచ్చిన లెక్క ఇది.

రెండో తరంలో ప్రబల లక్షణం ఉన్న మొక్కల్లో మూడింట రెండు వంతులు సంకరాలు, ఒక వంతు శుద్ధమైనవి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ఏది ఏదో తేల్చడానికి మెండెల్ ఒక్కో మొక్క నుంచి 10 గింజలు నాటాడు. పది మొక్కల్లోనూ ప్రబల లక్షణమే వస్తే తల్లి మొక్క శుద్ధమైనదని రాసుకున్నాడు. చిక్కు ఇక్కడే ఉంది. సంకర మొక్కకి కూడా పదికి పదీ ప్రబలంగా వచ్చే అవకాశం ఉంది. 0.75ని పదిసార్లు గుణించి చూడండి, సుమారు 5.6 శాతం వస్తుంది. అంటే కొన్ని సంకరాలు పొరపాటున శుద్ధమైనవాటి లెక్కలో పడాలి. 600 మొక్కల్లో సంకరాలుగా తేలాల్సింది దాదాపు 377. మెండెల్‌కి తేలింది 399! తన పద్ధతిలో రావాల్సిన సంఖ్యకి కాకుండా, సిద్ధాంతం చెప్పే 400కి అతుక్కుపోయింది.

ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, అంత దగ్గరగా రావడానికి అవకాశం లక్షలో 7 అని ఫిషర్ తేల్చాడు.

మరి మెండెల్ మోసగాడా? ఫిషర్ అలా అనలేదు. ఏ జవాబు రావాలో తెలిసిన అసిస్టెంట్ ఎవరైనా సర్ది ఉండొచ్చని ఊహించాడు. కొన్ని మొక్కలకి పదికన్నా ఎక్కువ గింజలు నాటి ఉంటే ఫిషర్ లెక్కే మారిపోతుందని తర్వాత వేరేవాళ్లు వాదించారు. ఈ గొడవకి ముగింపు పలకాలని 2008లో ఐదుగురు కలిసి ఏకంగా పుస్తకమే వేశారు. మెండెల్ నోట్‌బుక్స్ మనకి మిగల్లేదు కాబట్టి ఆ తోటలో ఏం జరిగిందో సూటిగా తేల్చే దారి లేదు. అయినా సిద్ధాంతం నిలబడింది. 1900 తర్వాత ఎంతోమంది అవే ప్రయోగాలు చేసి అవే నిష్పత్తులు చూశారు.

జీవశాస్త్ర చరిత్రని పీహెచ్‌డీ స్థాయిలో ఎందుకు చదువుతారో నాకు ఇక్కడ అర్థమైంది. ఫొటోకి దండ వేసి పక్కకెళ్లిపోకుండా, ఆ పాత పట్టికని మళ్లీ లెక్కపెట్టడం వాళ్ల పని. దానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పేపర్, కాలిక్యులేటర్, ఇంకాస్త మొండితనం చాలు.

ఇంకో మాట. ల్యాబ్ రికార్డుల్లో ముందు జవాబు రాసి, తర్వాత రీడింగులు దానికి సరిపెట్టే కళ మన దగ్గర ఉందని అందరికీ తెలుసు. ఎర్రర్ 0.01 శాతం వచ్చిందని మురిసిపోకండి. రీడింగులు మరీ అందంగా ఉన్నా దొరికిపోతాం, 70 ఏళ్ల తర్వాతైనా సరే!