వార్తల్లో పదం: వీహెచ్‌ఎఫ్ సెట్

గోదావరి పోటెత్తితే పోలవరం ఎగువన కుక్కునూరు, వేలేరుపాడు వైపు ముందు కరెంటు పోతుంది, దాని వెనకే సెల్ సిగ్నల్. అప్పుడు అక్కరకొచ్చేది వీహెచ్‌ఎఫ్ సెట్. వెరీ హై ఫ్రీక్వెన్సీ, అంటే 30 నుంచి 300 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేసే వైర్‌లెస్.

రేడియో తరంగం చెవికి వినబడదు. మీట నొక్కి మాట్లాడితే మైకు ఆ మాటను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. అది తరంగం మీదికెక్కి పోతుంది. అవతలి సెట్ దాన్ని దించి, స్పీకర్లో మళ్లీ మాటగా వినిపిస్తుంది. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఆగాల్సిందే; చివర ‘ఓవర్’ అనేది అందుకే.

చిక్కల్లా పాపికొండలతోనే. ఈ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, కొండ అడ్డొస్తే ఆగిపోతాయి. అందుకే ఎత్తైన చోట రిపీటర్ పెట్టి, అందిన మాటను తిరిగి ప్రసారం చేయిస్తారు.

భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు. 2022 జులై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అలాంటి రోజున ఈ సెట్‌కు సెల్ టవర్ అక్కర్లేదు. ఛార్జి ఉన్న బ్యాటరీ మాత్రం ఉండాలి.