ఏటి ఇసుకలో ఆల్చిప్ప



ఆల్చిప్పను బండమీద అరగదీసి, నడుమ రంధ్రము చేసి, దానితో మామిడికాయ చెక్కు తీసిన తల్లులు మన పల్లెలలో ఎందరో ఉన్నారు. ఆ చిప్ప ఒకప్పుడు ఒక ప్రాణికి ఇల్లు అన్న సంగతి మాత్రం మనకు అంతగా తలంపుకు రాదు.

మన పాకాల చెరువును సుమారు 1213లో కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టించారు. అక్కడ బయలుదేరిన మున్నేరు ఖమ్మం మీదుగా కృష్ణలో కలుస్తుంది. ఇటువంటి ఏళ్ళలో, చెరువులలో ఆల్చిప్ప ఒడలు సగము ఇసుకలోనో బురదలోనో దాచుకొని బ్రతుకుతుంది. నీటిని లోపలికి పీల్చి, అందులోని నాచును, సన్నని మలినమును మొప్పలతో వడగట్టి, తేటనీటిని బయటికి వదులుతుంది. ఐరోపాలోని ముత్యపు చిప్ప ఒక్కటే రోజుకు 50 లీటర్ల వరకు వడగట్టగలదు.

దాని సంతాన విధము మరింత వింతైనది. తల్లి తన మొప్పలలోనే గుడ్లను పొదిగి, కంటికి ఆనని పిల్లలను నీటిలోనికి విడుస్తుంది. అవి కొద్ది దినములలో ఏదైనా చేప మొప్పలనో రెక్కలనో పట్టుకోవాలి. లేనియెడల చనిపోతాయి. పట్టుకున్నవి కొంతకాలము చేపతో ప్రయాణించి, తరువాత రాలి ఇసుకలో స్థిరపడతాయి. అంటే చేప లేని ఏటిలో ఆల్చిప్పకు సంతానము లేదు.

ఐరోపా ముత్యపు చిప్ప 100 ఏళ్ళకు పైగా జీవిస్తుంది. అయినను అక్కడి అనేక నదులలో ముసలి చిప్పలే మిగిలాయి, పిల్లలు లేవు. పిల్లలందరూ పట్నము పోగా వృద్ధులు మాత్రమే మిగిలిన ఊరివలె ఆ నదులున్నాయి. బ్రిటన్‌లో 1998 నుండి ఆ చిప్పను తీయుట నిషిద్ధము. అమెరికా ప్రభుత్వము 2023లో 8 రకముల మంచినీటి ఆల్చిప్పలు అంతరించాయని ప్రకటించింది.

మన చెరువులలో సాధారణముగా కనిపించే లామెల్లిడెన్స్ మార్జినాలిస్‌కు ఇంకా ఆ గతి పట్టలేదు. అయితే ఇసుకను లోతుగా తోడితే దాని ఇల్లు పోతుంది. పత్తిచేలకు కొట్టిన మందు వాగులోనికి చేరితే చేపకు, చిప్పకు కూడా చేటే.

కాబట్టి మందు డబ్బాలను, స్ప్రేయర్లను వాగులో కడుగకుందము. మన వాగు ఇసుకను గూర్చి గ్రామసభలో అడుగుదము. పిల్లలకు బ్రతికిన ఆల్చిప్ప దొరికితే, చూపించి తిరిగి నీటిలో పెట్టిద్దము. ఆ నీరే మన పశువులు త్రాగేది, మన పొలాలకు పారేది.